పక్షవాతం తర్వాత మొదలయ్యే చదువు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి నాకంటే మూడేళ్ళు చిన్న. ఫోన్ చేసి, "అక్కా, నీ వృత్తి గురించి ఒక అరగంట మాట్లాడు. మనవాళ్ళకు పనికొచ్చేలా ఉండాలి" అన్నాడు. నేను ఫిజియోథెరపిస్టును. ఇరవై ఆరేళ్ళుగా ఎక్కువభాగం పక్షవాతం వచ్చినవాళ్ళతోనే పని చేస్తున్నాను. అందులో కొన్నేళ్ళు క్లినికల్ ట్రయల్స్ అనే వైద్య పరిశోధనల్లో ఫలితాలు కొలిచే పని కూడా చేశాను. మన మొదటి బ్యాచ్‌లవాళ్ళకు అరవై దాటాయి. మా బ్యాచ్‌కి యాభై దాటాయి. ఇరవై అయిదేళ్ళు దాటిన ప్రతి నలుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పక్షవాతం వచ్చే అవకాశం ఉందని ప్రపంచవ్యాప్త లెక్కలు చెబుతున్నాయి. ఈ హాల్లో ఒక్కో బల్ల మీద ఎంతమంది కూర్చున్నారో చూసుకుంటే ఈ విషయం ఎందుకు ఎంచుకున్నానో మీకే అర్థమవుతుంది.

ముందు పేరు సంగతి. మనం పక్షవాతం అంటాం. ఒక పక్క పడిపోయింది కాబట్టి ఆ పేరు. కానీ ఆ పేరు వల్ల ఒక చిక్కు వచ్చింది. చెయ్యి, కాలు పడిపోయాయి కదా అని జబ్బు చేతిలో, కాలిలో ఉందనుకుంటాం. వాటికి నూనె రాస్తాం, ఆకులు కడతాం, కొన్ని ఊళ్ళలో పావురం నెత్తురు పూస్తారు. జబ్బు ఉన్నది మెదడులో. మెదడుకు వెళ్ళే రక్తనాళం పూడుకుపోవచ్చు, లేదా చిట్లిపోవచ్చు. పూడుకుపోయేదే ఎక్కువ. పెద్ద రక్తనాళం పూడుకుపోతే, చికిత్స అందని ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయని 2006లో లెక్క కట్టారు. అందుకే మూతి వంకర పోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా ఎవరినీ సలహా అడగకుండా, స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. పూడిక కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. పెద్ద నాళంలో గడ్డను తీగ పంపి బయటకు లాగే పద్ధతి కొందరికి 24 గంటల వరకూ పనికొస్తుంది. ఆ గంటలు లెక్క పెట్టేది మొదటి లక్షణం కనిపించినప్పటి నుంచి. ఆసుపత్రి గుమ్మం తొక్కినప్పటి నుంచి కాదు. నిద్రలో వస్తే చివరిసారి బాగున్నది ఎప్పుడో ఆ టైము చెప్పాలి. రోగి వెంట వెళ్ళేవాళ్ళు డాక్టరుకు చెప్పాల్సిన మొదటి మాట అదే.

ఇది మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాతి సంగతి. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. ప్రాణం దక్కింది. చెయ్యి రాలేదు, లేదా మాట రాలేదు. ఇప్పుడేం చేయాలి? ఇక్కడే మనవాళ్ళు సగం డబ్బూ, మొత్తం ఆశా పోగొట్టుకుంటున్నారు.

పెద్దయ్యాక మెదడు మారదని ఒకప్పుడు వైద్యులు గట్టిగా నమ్మేవారు. పోయిన కణాలు పోయినట్టే అనుకునేవారు. పోయిన కణాల మట్టుకు అది నిజమే. అయితే మిగిలిన కణాలు కొత్త పని నేర్చుకోగలవా? దీని మీద ఒక పంతులు గారి కథ ఉంది. 1959లో అమెరికాలో పెడ్రో బాఖ్-ఇ-రీటా అనే అధ్యాపకుడికి పక్షవాతం వచ్చింది. నడక పోయింది, మాట పోయింది. పెద్ద కొడుకో చిన్న కొడుకో కూర్చోబెట్టి తినిపిస్తే చాలనుకునే రోజులవి. వైద్యం చదువుకుంటున్న ఆయన కొడుకు జార్జి మాత్రం తండ్రిని నేల మీద పసిపిల్లాడిలా పాకించాడు. గోడకు భుజం ఆనించి పాకడం, తర్వాత మోకాళ్ళ మీద నిలబడడం, తర్వాత నడవడం. గోలీలు ఏరించాడు, గిన్నెలు తోమించాడు. చూసిన ఇరుగుపొరుగు పెద్దాయనను అవమానిస్తున్నాడన్నారు. ఆ అధ్యాపకుడు మళ్ళీ కాలేజీకి వెళ్ళి పాఠాలు చెప్పారు. కొన్నేళ్ళ తర్వాత కొలంబియా కొండల్లో గుండె ఆగి చనిపోయారు. అప్పుడు మెదడు కోసి చూస్తే, పక్షవాతం చేసిన పెద్ద దెబ్బ మానకుండా అలాగే ఉంది. అంటే దెబ్బ మానలేదు, మిగిలిన మెదడు పని నేర్చుకుంది. ఆయన మరో కొడుకు పాల్ ఆ తర్వాత జీవితమంతా మెదడు ఎలా మారుతుందన్న పరిశోధనకే ఇచ్చేశాడు.

ఒక్కరి కథ రుజువు కాదు. రుజువు మెల్లగా వచ్చింది. 1996లో రాండాల్ నూడో బృందం కోతుల మీద చేసిన ప్రయోగంలో, మెదడుకు దెబ్బ తగిలాక చేతికి పని కల్పిస్తే, చుట్టుపక్కల చేతిని నడిపే భాగం నిలబడుతుందని తేలింది. మనుషుల్లో ఎడ్వర్డ్ టౌబ్ అనే శాస్త్రవేత్త ఒక విషయం గట్టిగా చెప్పాడు. పడిపోయిన చెయ్యి మొదట్లో మాట వినదు. మనిషి విసిగిపోయి బాగున్న చేత్తోనే అన్నీ చేసుకుంటాడు. కొన్నాళ్ళకు పడిపోయిన చేతికి కాస్త శక్తి వచ్చినా, వాడడమే మానేస్తాడు. కాబట్టి బాగున్న చేతికే సంచిలాంటి తొడుగు వేసి కట్టేయమన్నాడు. దీన్ని పరీక్షించిన ఎక్సైట్ అనే ట్రయల్ ఫలితాలు 2006లో వచ్చాయి. పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మంది అందులో ఉన్నారు. రెండు వారాలు బాగున్న చేతికి తొడుగు, రోజుకు ఆరేసి గంటల దాకా రెండో చేత్తో సాధన. మామూలు వైద్యం పొందినవారికంటే వీళ్ళ చెయ్యి బాగా మెరుగుపడింది. ఏడాది తర్వాత కూడా ఆ మెరుగు నిలిచింది. కాకపోతే ఒక షరతు. మణికట్టూ వేళ్ళూ కాస్తయినా కదిలించగలిగేవాళ్ళకే ఈ పద్ధతి. అసలు కదలని చేతికి ఇది పనికిరాదు.

గురువులు ఇక్కడున్నారు కాబట్టి మీ భాషలో చెబుతాను. మెదడు కోలుకోవడమంటే చికిత్సకంటే ఎక్కువగా చదువే. నాలుగు గీతల కాపీ పుస్తకంలో అక్షరం దిద్దించారు మీరు. ఒకసారి దిద్దితే రాలేదు. పేజీలకు పేజీలు దిద్దితే వచ్చింది. మరి మా ఫిజియోథెరపీ గదుల్లో ఎన్నిసార్లు దిద్దిస్తున్నాం? 2009లో కేథరిన్ లాంగ్ అనే పరిశోధకురాలి బృందం ఇలాంటి 312 సెషన్లు పక్కన కూర్చుని లెక్కపెట్టింది. చేతితో పనికొచ్చే కదలిక ఒక్కో సెషన్‌లో సగటున 32 సార్లు. జంతువుల్లో మెదడు మారినట్టు కనిపించిన ప్రయోగాల్లో రోజుకు వందలసార్లు చేయించారు. ముప్ఫై రెండుసార్లు దిద్దితే 'అ' కూడా రాదు కదా మాస్టారూ!

లండన్‌లో క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలో ఒక కార్యక్రమం ఉంది. మూడు వారాల్లో 90 గంటలు చేతికి సాధన చేయిస్తారు. 2019లో వాళ్ళు 224 మంది ఫలితాలు ప్రకటించారు. అందులో చాలామందికి పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. అయినా చెయ్యి మెరుగుపడింది, ఆరు నెలల తర్వాత చూసినా ఆ మెరుగు తగ్గలేదు. పోల్చడానికి రెండో గుంపు లేని లెక్క అది, ఆ సంగతీ మరచిపోకూడదు. కానీ ఏడాది గడిచాక మామూలుగా ఎవరూ దానంతట అదే అంత మెరుగవరు.

"మేడం, మూడు నెలలు దాటిపోయింది కదా, ఇంక రాదంట కదా?" అని వారానికి ఒకరైనా నన్ను అడుగుతారు. ఎక్కువ కోలుకునేది మొదటి మూడు నెలల్లోనే, ఇది నిజం. 2021లో వచ్చిన ఒక చిన్న అమెరికా ట్రయల్‌లో 72 మందికి అదనంగా 20 గంటల సాధన ఇచ్చి చూశారు. రెండు మూడు నెలల మధ్యలో ఇచ్చినవారికి అన్నిటికంటే మేలు కనిపించింది. ఆరు నెలల తర్వాత అదే 20 గంటలు ఇచ్చినవారిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే తొలి నెలల్లో తక్కువ సాధనకే ఎక్కువ ఫలితం, తర్వాత ఎక్కువ సాధనకు కొంత ఫలితం. తలుపు మూసుకుపోదు, బరువెక్కుతుంది. మూడు నెలలు దాటాయని రోగిని మంచానికి అప్పజెప్పడానికి ఏ పరిశోధనా ఒప్పుకోదు. అలాగే ఆ మొదటి మూడు నెలలు మూలికల కోసం ఊళ్ళు తిరగడానికి ఖర్చు చేయడమంటే, విత్తనం వేయాల్సిన కార్తెను సంతలో గడిపినట్టే.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. "మా మావయ్యకు ఆ మందు పోస్తే నెలలో లేచి నడిచాడమ్మా, మరి అది అబద్ధమా?" నడిచిన మాట నిజమే. మందు వల్ల నడిచాడన్నదే తేలని మాట. పక్షవాతం వచ్చిన చాలామంది తొలి నెలల్లో ఎంతో కొంత తమంతట తామే కోలుకుంటారు. మెదడులో వాపు తగ్గుతుంది, అలసిన కణాలు తేరుకుంటాయి. ఆ సమయంలో ఏది ఇచ్చినా అదే నయం చేసినట్టు కనిపిస్తుంది. పావురం నెత్తురైనా అంతే, వేలు పోసి కొన్న ఇంజెక్షనైనా అంతే. ఈ భ్రమ నుంచి బయటపడడానికే ట్రయల్స్. చీటీలు తీసినట్టు ఎవరికి ఏ చికిత్సో అదృష్టానికి వదిలేస్తాం. రెండు గుంపులు చేస్తాం. కొలిచేవాళ్ళకు ఎవరు ఏ గుంపో చెప్పరు. నేను చేసిన పని అదే. నా ఎదుట కూర్చున్న పెద్దాయన, "అమ్మా, నాకు వాళ్ళు ఇచ్చింది..." అని మొదలుపెట్టగానే, "బాబాయ్, అది మాత్రం నాకు చెప్పొద్దు" అని ఆపేదాన్ని. తెలిస్తే నా చెయ్యి తెలియకుండానే ఒక మార్కు ఎక్కువ వేస్తుంది. పరీక్ష పేపరు మీద పేరు బదులు నంబరు ఎందుకు వేస్తారో మీకు తెలిసిందే.

ఇలా నిష్ఠగా కొలిస్తే ఎన్ని ఆశలు కూలాయో చూడండి. డిప్రెషన్‌కు వాడే ఫ్లూక్సెటీన్ అనే మాత్ర ఇస్తే కాళ్ళూ చేతులూ త్వరగా కోలుకుంటాయని 2011లో ఫ్రాన్స్‌లో 118 మంది మీద చేసిన ట్రయల్ చెప్పింది. ప్రపంచమంతా సంబరపడింది, చాలామంది డాక్టర్లు రాయడం మొదలుపెట్టారు. తర్వాత మూడు పెద్ద ట్రయల్స్ జరిగాయి. బ్రిటన్‌లో 3,127 మంది, స్వీడన్‌లో 1,500 మంది, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, వియత్నాంలలో కలిపి 1,280 మంది. కోలుకోవడంలో తేడా లేదు. పైగా ఎముకలు విరగడం పెరిగింది. డిప్రెషన్ ఉన్నవాళ్ళకు ఆ మాత్ర వేరే సంగతి, డాక్టరు రాస్తే మానకండి. చెయ్యి రావడానికి మాత్రం అది మందు కాదు.

మనవైపు పక్షవాతం రాగానే చాలాచోట్ల రాసే సిటికోలిన్ ఉంది. యూరప్‌లో 2,298 మంది మీద చేసిన ట్రయల్ 2012లో వచ్చింది. ఉత్తుత్తి మందు ఇచ్చినవారికీ, దీనికీ తేడా కనిపించలేదు. మూలకణాల చికిత్స పేరుతో లక్షలు అడిగేవాళ్ళున్నారు. మన దేశంలోనే అయిదు ఆసుపత్రులు కలిసి 120 మందిలో, రోగి ఎముక మజ్జ నుంచే తీసిన కణాలు ఎక్కించి చూశాయి. 2014లో ఫలితం వచ్చింది. హాని లేదు, లాభమూ లేదు. అలాంటి చికిత్సకు పొలం అమ్ముదామా అని మీ ఇంట్లో ఎవరైనా అంటే, ఈ ఒక్క వాక్యం గుర్తు చేయండి.

యంత్రాలకూ ఇదే పరీక్ష. బ్రిటన్‌లో 770 మంది మీద రోబో సాయంతో చేతికి సాధన చేయించి 2019లో ఫలితాలు చెప్పారు. మామూలు వైద్యంకంటే చెయ్యి పనితనం ఎక్కువ రాలేదు. నడక విషయంలో 2011లో అమెరికాలో 408 మంది మీద జరిగిన ట్రయల్‌లో, ఒంటికి పట్టీలు కట్టి ట్రెడ్‌మిల్ మీద నడిపించిన ఖరీదైన పద్ధతీ, ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి చేయించిన బలం, బ్యాలెన్స్ వ్యాయామాలూ ఏడాది తర్వాత సమానంగా నిలిచాయి. మన పల్లెలకు దీనికంటే మంచి వార్త ఏముంటుంది? ఒక గట్టి కుర్చీ, ఒక గోడ, ఒక మెట్టు, రోజూ పక్కన నిలబడే మనిషి. ఇవి ఉంటే సగం సరంజామా ఉన్నట్టే.

మా వృత్తివాళ్ళకు తలవంపు తెచ్చిన ఫలితమూ చెప్పాలి. ఎంత తొందరగా మంచం దించితే అంత మంచిదని మేమంతా అనుకున్నాం. అవెర్ట్ అనే ట్రయల్‌లో అయిదు దేశాల్లో 2,104 మందిని పరీక్షించారు. 24 గంటల్లోపే లేపి, మాటిమాటికీ నడిపించిన గుంపులో మూడు నెలలకు బాగా కోలుకున్నది నూటికి 46 మంది. మామూలు పద్ధతి గుంపులో 50 మంది. 2015లో ఈ ఫలితం వచ్చాక తొలిరోజు హడావిడి తగ్గించాం. లేపొద్దని దీని అర్థం కాదు. మొదటి రోజు కొద్దికొద్దిగా, తర్వాత పెంచుకుంటూ పోవాలి. ప్రేమకొద్దీ చేసే తొందర కూడా హాని చేయొచ్చని మాకు నేర్పింది అంకెలే.

మన దేశం పెద్ద ట్రయల్ ఒకటి. దాని పేరు అటెండ్. ఇక్కడ ఫిజియోథెరపిస్టులు తక్కువ, కుటుంబాలు పెద్దవి. కాబట్టి ఇంట్లోవాళ్ళకే నేర్పి పంపితే? 14 ఆసుపత్రుల్లో 1,250 మంది. కుటుంబంలో ఒకరికి శిక్షణ ఇచ్చి, ఇంట్లో చేయించమన్నారు. 2017లో ఫలితం. ఆరు నెలలకు చనిపోయినవారూ, ఇతరుల మీద ఆధారపడ్డవారూ కలిపి ఆ గుంపులో నూటికి 47, ఈ గుంపులోనూ 47. తేడా లేదు.

కుటుంబం పనికిరాదని దీనికి అర్థం చెప్పేవాళ్ళున్నారు. నేనలా చదవను. మన ఇళ్ళలో శిక్షణ లేని గుంపులో మాత్రం ఎవరు ఊరుకున్నారు? భార్యో, కోడలో, కూతురో ఎలాగూ చేస్తూనే ఉంటారు. ఆమె వంట చేయాలి, కూలికి పోవాలి, స్నానం చేయించాలి, పక్క మార్చాలి. దాని మీద రోజుకో గంట వ్యాయామం చేయించమని కాగితం ఇస్తే, ఆ గంట ఎక్కడి నుంచి వస్తుంది? నా అనుభవంలో కోలుకోని రోగి పక్కన తరచుగా నిద్ర లేని ఒక ఆడమనిషి ఉంటుంది. ఆమెను ఎవరూ కొలవరు.

కొలతల గురించి ఇంకొక మాట. రోగి తన పనులు తాను చేసుకోగలడా అని చూడడానికి మేం వాడే బార్తెల్ పట్టిక పాశ్చాత్య దేశాల నుంచి వచ్చింది. తిండి దగ్గర అది అడిగేది ముక్క కోసుకోగలరా, వెన్న రాసుకోగలరా అని. మనవాళ్ళకు కావలసింది కంచంలో అన్నం కలిపి ముద్ద చేసుకోవడం. నేల మీద బాసింపట్టు వేసుకుని మళ్ళీ లేవడం. చీర కుచ్చిళ్ళు పెట్టుకోవడం, పంచె బిగించుకోవడం. ఒక రైతు నాతో, "అమ్మా, నడక తర్వాత సంగతి, ముందు నా ముద్ద నేను కలుపుకునేలా చెయ్యి" అన్నాడు. పట్టికలో ఆయనకు మార్కులు బాగానే వచ్చాయి. ఆయన దృష్టిలో ఆయనింకా ఫెయిలే. మేం చెంచా పక్కన పెట్టి, తడి ఇసకతో మొదలుపెట్టి, ఉప్మాకు వచ్చి, చివరికి పప్పన్నానికి వచ్చాం. నాలుగు నెలలు పట్టింది.

ఇక మాట సంగతి. ఎక్కువమందిలో మాట మెదడు ఎడమ పక్కన ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలితే కుడి చేతితోపాటు మాట కూడా పోవచ్చు. బుద్ధి పోదు. మనిషికి అన్నీ తెలుసు, పదం నోటికి రాదు. కొందరికి ఎదుటివాళ్ళ మాట అందడం కూడా కష్టమవుతుంది. జర్మనీలో ఇలాంటి 156 మందికి, పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటాక, మూడు వారాలపాటు వారానికి పది గంటలకు తగ్గకుండా మాటల సాధన చేయించారు. నిత్యజీవితంలో మాట్లాడడం మెరుగుపడిందని 2017లో తేలింది. ఇక్కడా లెక్క అదే, ఎక్కువసార్లు దిద్దడం.

మనకు గర్వంగా చెప్పుకోదగ్గ పరిశోధన హైదరాబాదులో జరిగింది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పక్షవాతం వచ్చిన 608 మంది వివరాలు పరిశీలించింది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలగలిసి వినిపించే నగరం కదా. ఒక్క భాషే వచ్చినవాళ్ళలో జ్ఞాపకం, ఆలోచన మామూలుగా నిలిచింది నూటికి సుమారు 20 మందిలో. రెండు, అంతకంటే ఎక్కువ భాషలు వచ్చినవాళ్ళలో సుమారు 40 మందిలో. 2016లో ఇది ప్రచురితమైంది. మాట పోవడం మాత్రం రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉంది. ఇది చీటీలు తీసి చేసిన ట్రయల్ కాదు, ఉన్నవాళ్ళను గమనించి చెప్పింది. చదువు, వయసు లాంటివి లెక్కలోకి తీసుకున్నా తేడా నిలిచిందన్నారు. తెలుగు పీరియడ్ తర్వాత హిందీ, తర్వాత ఇంగ్లీషు అని విసుక్కున్నాం మనం. ఆ మూడు పీరియడ్లు ముసలితనానికి దాచిన ధాన్యమేమో.

ఇప్పుడు అసలు చెప్పాల్సిన విషయానికి వస్తున్నాను. మనకు సోషల్ చెప్పిన మాస్టారు ఈ సభకు రాలేదు. ఎందుకు రాలేదో మీలో కొందరికి తెలుసు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. నడుస్తున్నారు. మాట రావడం లేదు. ఆయన ఒప్పుకున్నాకే, అమ్మగారితో మాట్లాడాకే ఇక్కడ చెబుతున్నాను. మొదటి నెలలో ఇంటి నిండా శిష్యులే. ఇప్పుడు ఎవరూ రావడం లేదు. "వచ్చి ఏం మాట్లాడాలో తెలియక పిల్లలు ఇబ్బంది పడుతున్నారమ్మా, పాపం" అన్నారు అమ్మగారు. ఆవిడ తప్పు పట్టింది ఎవరినీ కాదు. మన ఇబ్బంది మాత్రం నిజం. పక్షవాతం వచ్చినవాళ్ళలో దాదాపు ముగ్గురిలో ఒకరు డిప్రెషన్‌లోకి వెళతారు. మాట పోయినవాళ్ళకు అది మరీ సులభం, ఎందుకంటే బాధ చెప్పుకునే దారే మూసుకుపోయింది.

కాబట్టి ఎలా మాట్లాడాలో చెబుతాను, రాసుకోండి. టీవీ ఆపేయండి. ఎదురుగా కూర్చోండి. మెల్లగా, చిన్న వాక్యాల్లో మాట్లాడండి. చెవుడు కాదు కాబట్టి అరవొద్దు. పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడొద్దు. ఒకసారి ఒక్క ప్రశ్నే. అవునో కాదో తల ఊపితే సరిపోయేలా అడగండి. కాగితం, కలం, ఫొటోలు, దేశపటం దగ్గర పెట్టండి. పదం కోసం వెతుకుతుంటే వెంటనే అందించకండి, పది లెక్కపెట్టేదాకా ఆగండి. అర్థం కాకపోతే అర్థమైనట్టు నటించకండి, "మాస్టారూ, అందలేదు, ఇంకోలా చెప్పండి" అనండి. మాట రానివాళ్ళలో కొందరికి పాట వస్తుంది, అంకెలు, వారాల పేర్లు వరసగా వస్తాయి. వాటితో మొదలుపెట్టండి. నేను పోయినసారి అట్లాస్ తెరిచి గోదావరి ఎక్కడ పుట్టిందని అడిగితే, నాసిక్ దగ్గర వేలు పెట్టి, నేనింకా ఎక్కడ వెతుకుతున్నానో చూసి నవ్వారు.

ఇంట్లో రోగి ఉన్నవాళ్ళకు మరో నాలుగు ముక్కలు. పడిపోయిన చేతిని పట్టి లేపకండి, భుజం జారి నెలల తరబడి నొప్పి మిగులుతుంది. పడుకోబెట్టి నీళ్ళు పట్టకండి. మింగేటప్పుడు దగ్గు వస్తుంటే వెంటనే డాక్టరుకు చెప్పండి, ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది. బీపీ మాత్ర, రక్తం పలచన చేసే మాత్ర డాక్టరు ఆపమనేదాకా ఆపకండి. ఒకసారి వచ్చినవాళ్ళకు రెండోసారి వచ్చే ప్రమాదం ఎక్కువ. పొగ, గుట్కా, మందు మానాల్సిందే, ఇక్కడ స్నేహం పనికిరాదు.

చివరగా సంఘానికి మూడు విన్నపాలు. స్వర్ణోత్సవానికి ఆర్చి కడదామన్న ఆలోచన ఉందని విన్నాను. కట్టండి. దాంతోపాటు ఒక గది గోడకు నాలుగు వీల్‌చైర్లు, పది చేతికర్రలు, కొన్ని వాకర్లు, రెండు బీపీ మిషన్లు పెట్టండి. అవసరమైన ఇల్లు తీసుకెళ్ళి, తీరాక తిరిగి ఇచ్చేస్తుంది. రెండు, ప్రతి ఏటా కలిసినప్పుడు భోజనాలకు ముందు అందరికీ బీపీ చూడాలి. పక్షవాతానికి అన్నిటికంటే పెద్ద కారణం అదే, చూస్తే తప్ప తెలియదు. మూడు, ఒక జాబితా వేద్దాం. మన పూర్వ విద్యార్థుల్లో, గురువుల్లో పక్షవాతం వచ్చినవాళ్ళు ఎవరెవరు, వాళ్ళ ఇంటికి వారంలో ఏ రోజు ఎవరు వెళ్ళగలరు. ఒక గంట వెళ్ళి సాధన చేయిస్తే, ఆ గంట ఆ ఇంటి ఇల్లాలు పడుకోవచ్చు. ఎలా చేయించాలో నేర్పే బాధ్యత నాది. మొదటి తరగతి వచ్చే రెండో ఆదివారం పొద్దున పదింటికి, మన పాత ఎనిమిదో తరగతి గదిలో.

సోషల్ మాస్టారి పేరు పక్కన గురువారం నా పేరు రాశాను. మిగతా ఆరు రోజులు ఖాళీగా ఉన్నాయి. కాగితం బయట తలుపు దగ్గర బల్ల మీద ఉంది, కలం కూడా పెట్టాను.

సెలవు.